ఈస్టర్ నాటి తారాజువ్వ

పాలెం,
5 ఏప్రిల్ 2002

ప్రియమైన నా హెప్సిబాకు,

ప్రభువు నిన్ను చల్లగా చూస్తున్నాడని నమ్మి రాస్తున్నాను. నీ నర్సింగ్ డ్యూటీలూ, హాస్టల్ వాళ్లు పోసే నీళ్లచారూ ఎలా ఉన్నాయో తర్వాత రాద్దువుగాని. ముందు ఈ ఉత్తరం పట్టుకుని ఎవరూ లేని చోట కూర్చో. ఫోన్ చేద్దామంటే టీకొట్లోంచి మాట్లాడాలి. అక్కడ ఫోన్ పట్టుకునేది ఒకరు, వినేది ఊరంతా.

పేరయ్యగారి మిరప కల్లం తగలబడిన సంగతి నీ చెవిన పడే ఉంటుంది. ఈస్టర్ తెల్లవారుజామున ఎప్పటిలాగే కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు బయల్దేరాం. మన కుర్రాళ్ల సంగతి తెలుసుగా, పాటకో టపాకాయ కాల్చందే వాళ్లకు యేసయ్య లేచినట్టు ఉండదు. కల్లం దాటుతుండగా మీ ఎలీషా బావ తారాజువ్వ వెలిగించాడు. అది పైకి పోలేదు. పక్కకు ఒరిగి, కంచె మీదుగా దూసుకుపోయి, కాయ మీద కప్పిన గడ్డిలో పడింది. నా మోకాళ్ల పుణ్యమా అని నేను అందరికంటే వెనక ఉన్నాను. వెనక్కి తిరిగి చూసింది నేనొక్కదాన్నే. ఆరిపోయిందిలే అనుకుని నడిచాను.

సమాధుల దగ్గర ప్రార్థన మొదలైందో లేదో దగ్గు మొదలైంది. "ఆయన లేచెను" అని పాస్టరుగారు అంటే, తిరిగి చెప్పడానికి ఎవరికీ గొంతు పెగల్లేదు. ఎండుమిరప పొగ ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పోపులో రెండు కాయలు మాడితేనే ఇల్లు ఖాళీ చేస్తాం. కల్లానికి కల్లమే మాడింది. బిందెలతో పరిగెత్తిన వాళ్లు సగం దూరంలోనే కళ్లు మూసుకుని వెనక్కి వచ్చేశారు. కాపలా ఉన్న బుడాన్ ఒక్కడే కాయ కింద పరిచిన పట్టా లాగబోయి చెయ్యి కాల్చుకున్నాడు.

సాయంత్రానికి ఆ బుడాన్‌నే పోలీసులు తీసుకుపోయారు. అతను బీడీ తాగుతాడు. పైగా బిడ్డకు జ్వరమని సెలవు అడిగితే పేరయ్యగారు కసిరారట, ఇద్దరూ మాటామాటా అనుకున్నారట. కక్షతో అంటించాడని కేసు రాసి, నరసరావుపేట సబ్‌జైల్లో పెట్టారు.

చూసింది మీ మామయ్యతో చెప్పాను. కొడుకును, ఎలీషాను, పిలిచి అడిగితే ఏడ్చాడు. జువ్వ పక్కకు పోయిందని వాడికీ తెలుసు. అప్పుడు మీ మామయ్య ఏమన్నాడో తెలుసా?

"కానిస్టేబుల్ సెలక్షనై కూర్చున్నాడు రాజ్యం. వెరిఫికేషన్‌లో కేసుందంటే వాడి బతుకు అయిపోయినట్టే. అదట్టా ఉంచు. పాలెమోళ్లు తగలబెట్టారంటే రేపట్నించి ఊళ్లోవాళ్లు మనల్ని చేలో కాలు పెట్టనిస్తారా? ప్రేమ తప్పుల్ని కప్పుతుందని రాసుంది గదా. కప్పు."

మీ మామయ్య సంఘపెద్ద కదా, వాక్యం ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. ఎలీషా మీద కప్పడానికి మన దగ్గర ప్రేమ ఉంది. బుడాన్ మీద కప్పడానికి ఏముందో అన్నయ్య చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎలీషా నీకు కాబోయేవాడు. ప్రధానం అయ్యింది, మే నెలలో పెళ్లి. నీకు చెప్పకుండా నేను ఏ నిర్ణయమూ చేయలేను. వెంటనే రాయి.

ఎప్పుడూ నీ కోసం మోకరించే
అమ్మ


గుంటూరు,
10 ఏప్రిల్

ప్రియమైన అమ్మకు హెప్సి వందనాలు.

నీ ఉత్తరం కంటే ముందే బావ వచ్చాడు. హాస్టల్ గేటు దగ్గర నిలబడి అంతా చెప్పాడు. టీ ఇప్పిస్తే తాగలేదు. నిద్రలో కూడా దగ్గు వస్తోందట. అమ్మా, అతను చెడ్డవాడు కాదు. నీ చేతుల్లో పెరిగినవాడు, నీకు తెలియదా?

నువ్వు చెప్పొద్దు. నేను ఆలోచించే అంటున్నాను. బుడాన్‌కి ఇవాళ కాకపోతే రేపు బెయిలు వస్తుంది. అంటించాడని చూసినవాళ్లు లేరు కాబట్టి కేసు నిలబడదని ఇక్కడ మా వార్డెన్ తమ్ముడు, ప్లీడరు గుమాస్తా, అన్నాడు. పేర్లు చెప్పకుండానే అడిగానులే. బావ మీద కేసు పడితే మాత్రం ఉద్యోగం మళ్లీ రాదు. పాలెం సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఇదివరకు ఊళ్లోవాళ్లు మనల్ని పనుల్లోకి రానివ్వకపోతే ఆ వేసవి ఎలా గడిచిందో నువ్వే కదా చెప్పేదానివి.

సండే స్కూల్లో నువ్వు ఏం నేర్పావో నేను మర్చిపోయాననుకోకు. కానీ ఆ కథల్లో ఎవరి పెళ్లీ ఆగదు, ఎవరి ఉద్యోగమూ పోదు.

నేను ఊరికే చెప్పడం లేదు. ఉపవాసం ఉండి, వార్డెనమ్మ గారి వాగ్దానాల పెట్టెలోంచి కళ్లు మూసుకుని ఒక కార్డు తీశాను. మీరు ఊరక నిలిచి ఉండండి, మీ యుద్ధం దేవుడే చేస్తాడన్న వాక్యం వచ్చింది. ఇంతకంటే స్పష్టంగా ఆయన ఎలా చెబుతాడు? ఊరుకో అమ్మా. నా కోసం ఊరుకో.

నీ ముద్దుల
హెప్సి


పాలెం,
22 ఏప్రిల్

ప్రియమైన తల్లికి,

ఊరుకోమన్నావు. ఊరుకోవడం నా చేతిలో ఉన్నంతవరకు ఊరుకున్నాను.

మొన్న పేరయ్యగారు మన గుమ్మం ముందుకు వచ్చారు. ఆ మనిషి పాలెంలోకి నడిచి రావడం నేనెప్పుడూ చూడలేదు. కండువా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రాజ్యమ్మా, ఒక్కమాట అడిగి పోతా. ఆ రోజు మీవాళ్లు కల్లం దగ్గర జువ్వలేమన్నా కాల్చారా? ఏమన్నా పడటం నువ్వు చూశావా? మీ అన్న లేదన్నాడు. ఆయన మాట నాకొద్దు. నువ్వు చెప్పు."

"లేదండీ. నేనేం చూళ్లేదు," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందనుకున్నావు? మంచినీళ్లు ఇవ్వమంటే ఇచ్చినట్టు వచ్చింది. ఆయన నా ముఖంలోకి కూడా చూడలేదు. "నువ్వు చెప్పావంటే అయిపోయినట్టే," అని కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయారు. నేరుగా స్టేషన్‌కు వెళ్లి, పాలెం వాళ్ల తప్పేమీ లేదు, రాజ్యమ్మే చెప్పింది అన్నారట. అంతవరకూ అటూ ఇటూ ఊగుతున్న ఎస్సై ఇక బుడానే అని తేల్చేశాడట. మన అవును అవునుగా, కాదు కాదుగా ఉండాలని ఇన్నేళ్లు పిల్లలచేత వల్లె వేయించాను. అలా తెచ్చుకున్న మంచి పేరే ఇప్పుడు బుడాన్ మెడకు చుట్టుకుంది.

ఇంకా విను. బుడాన్ విడుదల కోసం మన ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించాడు మీ మామయ్య. నా ఇంట్లోనే. బుడాన్ భార్య జానీబీ కూడా బిడ్డను ఎత్తుకుని వచ్చి చాప చివర కూర్చుంది. ఎలీషా పాట ఎత్తుకున్నాడు. అన్నయ్య కన్నీళ్లతో ప్రార్థించాడు, అవి దొంగ కన్నీళ్లు కూడా కావు. ఆ పిల్లవాడు పాకుతూ నా ఒళ్లోకి వచ్చాడు. అందరూ ఆమెన్ అంటే జానీబీ కూడా ఆమెన్ అంది. వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి అడిగింది.

"మీ దేవుడు అన్నీ చూస్తాడంటారుగా అమ్మా. చూసినోళ్లెవరో ఆయనకి తెలుసుంటది గదా. వాళ్ల చేత చెప్పించమని అడగకూడదా?"

అడుగుతాలే అన్నాను. హెప్సీ, మనం అందరం కలిసి దేవుణ్ణి ఏమడిగామో చూడు. మన నోట్లో ఉన్నదాన్ని ఆయన్ని ఇవ్వమని అడిగాం. చూసిన సాక్షి చెప్పకుండా ఊరుకుంటే ఆ దోషం వాడే మోయాలని ధర్మశాస్త్రంలో ఉంది. అది నీ కార్డుల పెట్టెలో ఉండదు.

నిన్న గుడిలో మీ పెళ్లి ప్రకటన, వరసగా మూడు ఆదివారాలు చదివేది, మొదటిసారి చదివారు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేనూ నవ్వాను.

నీ అమ్మ


గుంటూరు,
25 ఏప్రిల్

అమ్మకు,

లేదని చెప్పేశావు కదా. ఇక లేనట్టే. ఇప్పుడు మాట మారిస్తే ముందు అబద్ధమాడినట్టు నువ్వే ఒప్పుకోవాలి. పేరయ్యగారి ముందు, సంఘం ముందు నీ పరువేమవుతుంది? నీ దగ్గర సండే స్కూలుకు ఇంకెవరు పిల్లల్ని పంపుతారు?

నాన్న పోయాక నాకు పుస్తకాలు కొనిచ్చింది మామయ్య. నన్ను ఇక్కడ చేర్పించడానికి తిరిగింది ఎలీషా. ఆ ఇంటిని బజారుకు ఈడ్చి నన్ను ఆ ఇంటికే ఎలా పంపుతావు? నువ్వు నోరు తెరిస్తే నేను మళ్లీ పాలెంలో అడుగు పెట్టను. ఇది బెదిరింపు అనుకో, ఏమైనా అనుకో.

బుడాన్ కోసం నేనూ ప్రార్థన చేస్తున్నాను.

హెప్సిబా


గుంటూరు,
1 మే

అమ్మా,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. ఆ ఉత్తరం రాసిన మనిషితో నాకిప్పుడు పని లేదు.

ఈ నెల నా పోస్టింగ్ పెద్దాసుపత్రి సర్జికల్ వార్డులో. నిన్న పొద్దున డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని మంచం మంచానికీ వెళ్తున్నాను. చివరి మంచానికి బేడీ వేసి ఉంది, పక్కన స్టూల్ మీద కానిస్టేబుల్ కునుకు తీస్తున్నాడు. మంచం మీద బుడాన్. చెయ్యి చీము పట్టి మోచేతి దాకా వాచింది. జైల్లో సరిగా కట్టు కట్టలేదో, కట్టినా ఆగలేదో, జ్వరం వచ్చాక ఇక్కడికి తెచ్చారు. ముందు నన్ను ఆయనే గుర్తుపట్టాడు.

"రాజ్యమ్మగారి అమ్మాయివి గదా," అన్నాడు. "మీ అమ్మ మా కోసం ప్రార్థన పెట్టించిందంట. జానీబీ చెప్పింది."

నేను కట్టు విప్పుతున్నాను. గుడ్డ అంటుకుపోయింది. సెలైన్ పోసి నాననిస్తుంటే, నొప్పి తెలియకుండా ఉండటానికేమో, ఆయనే మాట్లాడుతూ పోయాడు. అమ్మా, ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"జువ్వ పడటం చూశాననుకున్నానమ్మా. వెనకాల మీ అమ్మగారు ఆగి, ఇటు తిరిగి చూసినట్టు కూడా అనిపించింది. ఎస్సైగారికి అదే చెప్పా. ఆ కుర్రోళ్లనొద్దు, రాజ్యమ్మగారినడగండి, ఆమె ఉన్నదున్నట్టు చెబుద్దన్నా. పేరయ్యగారు పోయి అడిగారంట. ఆమె చూళ్లేదందంట. ఆమె అబద్ధమాడదు గదా. అంటే నేనే నిద్రమత్తులో ఏదో చూసుంటా. బీడీ ఆర్పాననే అనుకున్నా. ఆర్పలేదేమో. నా బీడీయే అయ్యుంటదమ్మా. ఒప్పుకుందామనుకుంటున్నా."

నిన్ను సాక్షిగా పెట్టింది ఆయనే. నీ మాట మీద నమ్మకంతో తన కళ్లనే కాదనుకున్నాడు. నేను ఆ చేతికి మందు రాసి, కొత్త కట్టు కట్టాను. బాత్రూమ్‌లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

నేను ఊరుకోమన్నాను. నా కోసం ఊరుకో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కార్డు తీసింది నా చెయ్యే, నాకు కావలసినట్టు చదువుకున్నదీ నేనే. దేవుణ్ణి అందులోకి లాగడం నాదే తప్పు.

ఆదివారం మూడో ప్రకటన. ఆ లోపల ఏం చేస్తావో నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు.

హెప్సి


పాలెం,
5 మే, ఆదివారం

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి ఎలీషా దగ్గరికి వెళ్లాను. వాడు గుడికి సున్నం వేస్తున్నాడు, మీ పెళ్లికే. ఉత్తరం చేతికిచ్చాను. చదివి మడిచి తిరిగి ఇచ్చాడు. "రేపు గుడిలో నేను లేవకముందే నువ్వు లేచి చెప్పు," అన్నాను. తల ఊపాడు.

ఇవాళ పాస్టరుగారు మీ పేర్లు చదివారు. ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి, తర్వాత నోరెత్తకూడదు అని అలవాటుగా ఒకసారి తలెత్తి, పేజీ తిప్పబోయారు. నేను మగవాళ్ల వైపు చూశాను. ఎలీషా తల దించుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. ఇక నేనే లేచాను. పెళ్లికూతురి తల్లి లేచేసరికి మోకాలు పట్టేసిందేమోనని పక్కనావిడ చెయ్యి అందించింది. ఎవరో నవ్వారు కూడా.

"పెళ్లికి అడ్డం చెప్పటం లేదండీ. నేనొక అబద్ధమాడాను. దాని మీద ఒక మనిషి జైల్లో ఉన్నాడు," అన్నాను.

"రాజ్యం, కూర్చో. సంఘంలో ఆడవాళ్లు మౌనంగా ఉండాలి," అన్నాడు మీ మామయ్య. ఆ వాక్యమూ ఉందిలే, లేదని ఎవరన్నారు? నేను కూర్చోలేదు. అంతా చెప్పాను. జువ్వ, గడ్డి, పేరయ్యగారు అడగడం, నేను లేదనడం. నేను చెబుతుండగానే ఎలీషా పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయాడు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన తొందరగా కానిచ్చేశారు. బయటికి వస్తుంటే మా వరసలోని ఆడవాళ్లు పక్కకు జరిగారు. నన్ను తిట్టినవాళ్లనూ తప్పు పట్టను. రేపు పనికి పిలుస్తారో లేదోనన్న భయం వాళ్లది.

అటు నుంచి అటే పేరయ్యగారింటికి వెళ్లాను. చెప్పింది నిలబడి విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"ఆ రోజు లేదన్నావు. నమ్మి పోయి చెప్పొచ్చా. ఇయ్యాల అవునంటున్నావు. రెంట్లో ఏది నమ్మమంటావు రాజ్యమ్మా?" అన్నారు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

స్టేషన్‌లో ఎస్సై అయితే నవ్వాడు. ఎవరు చూశారు, ఎవరు కాల్చారు, కాల్చినవాణ్ణి తీసుకురా, లేకపోతే పూటకో మాట చెప్పే మనిషి సాక్ష్యం కోర్టులో పనికిరాదు పో అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేముంది? చెప్పాల్సిన రోజున చెప్పి ఉంటే నా ఒక్క మాట చాలేది. ఇప్పుడు చెప్పినా చాలలేదు.

ఎలీషా ఇంటికి రాలేదు. నీ దగ్గరికే వస్తాడని నా మనసు చెబుతోంది. నీకు మాత్రం ఒకటి చెప్పాలి. నీ పెళ్లి చెడగొట్టింది నీ తల్లే. మీ మామయ్య ఇక ఈ గడప తొక్కనన్నాడు. జానీబీ గుమ్మం ఎక్కే ధైర్యం నాకు ఇంకా రాలేదు. బుడాన్ నేరం తన మీద వేసుకుని ఒప్పుకోకముందే ఎలీషా నోరు తెరవాలి. నా మాటకు విలువ పోయింది. నీకు చేతనైతే చూడు.

దిక్కుతోచని
నీ అమ్మ


గుంటూరు,
9 మే

ప్రియమైన అమ్మకు,

బావ నిన్న స్టేషన్‌కు వెళ్లి రాసిచ్చాడన్న, వాళ్లు అక్కడే ఉంచేశారన్న కబురు ఈపాటికి నీకు చేరే ఉంటుంది. అంతకు ముందు ఇక్కడ జరిగింది నీకు తెలియదు.

నువ్వన్నట్టే వచ్చాడు. హాస్టల్ ఎదురుగా సోడా కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "మీ అమ్మ నన్ను చంపేసింది హెప్సీ," అన్నాడు. నేను వాదించలేదు. వాక్యాలు చెప్పలేదు. మన ఇళ్లలో వాక్యాలకేం కొదవ? నాతో డ్యూటీకి రమ్మన్నాను. వార్డులో డ్రెస్సింగ్ ట్రే అతని చేతిలో పెట్టి, పట్టుకో అన్నాను.

బుడాన్ అతన్ని చూసి పలకరించాడు. "పెళ్లికొడుకా, ఏం అయ్యా, చిక్కిపోయావు," అన్నాడు. నేను కట్టు విప్పాను. చివరి పొర తీసేటప్పుడు బుడాన్ పళ్లు బిగించాడు. ట్రేలో కత్తెరలు గలగలలాడటం మొదలైంది. బావ ట్రేను మంచం అంచున పెట్టేశాడు.

"అది నేను కాల్చిన జువ్వే," అన్నాడు. మళ్లీ అన్నాడు. "నేనే కాల్చాను. పక్కకి పోవటం చూశాను. చూసి కూడా నడిచిపోయాను."

కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. ఆ సంగతి ఇక్కడ కాదు, మీ ఎస్సై దగ్గర చెప్పుకో అన్నాడు. బావ వెళ్లాడమ్మా, తప్పించుకు పోలేదు. బస్టాండు దాకా నేనూ వెళ్లాను. ఉద్యోగం పోతుంది, కేసు నడుస్తుంది, పాలెం మీద ఏం పడుతుందో తెలియదు. భయంగానే ఉంది. పెళ్లి గురించి మామయ్య అడిగితే ఇలా చెప్పు. నేను కానిస్టేబుల్‌ను చేసుకుంటానని ఎప్పుడూ అనలేదు, ఎలీషాను చేసుకుంటానన్నాను. పోయిన నెల అయితే ఆ మాట బలవంతంగా అనేదాన్ని. ఇప్పుడు ఇష్టంగా అంటున్నాను. అతను బయటికి వచ్చేదాకా ఆగుతాను.

బావ అలా చెప్పినప్పుడు బుడాన్ తిడతాడనుకున్నాను. లేచి కొట్టినా ఆశ్చర్యపోను. ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, తుడుచుకోవడానికి ఒక చేతికి కట్టు, ఒక చేతికి బేడీ. నేనే తుడిచాను.

"అయితే నా బీడీ కాదన్నమాట," అన్నాడు. "జానీబీకి చెప్పమ్మా. అది కూడా నేనే తగలబెట్టాననుకుంటంది. నువ్వు బీడీ తాగబట్టేగా మా బతుకిట్టయిందని మొన్న ఇక్కడికొచ్చి ఏడ్చిపోయింది."

చెప్పిస్తానని మాటిచ్చాను. అమ్మా, ఈ కబురు వేరేవాళ్ల చేత పంపకు. నువ్వే వెళ్లి జానీబీకి చెప్పు.

ఎప్పటికీ నీ కూతురు
హెప్సి